ఇంజిన్‌కు తానం పోసినోళ్లు

నర్సింలు అంటే కొత్తకోటల ఎవరికీ తెల్వదు. వైరింగ్ నర్సింలు అంటే అందరికీ ఎరుకే. హైవే పక్కన, ఢాబాల వరుస దాటినంక ఉండే రేకుల షెడ్డు నాది. లారీ గానీ, బస్సు గానీ, కారు గానీ, దాంట్ల కరెంటు ఎక్కడ ఆగిపోయిందో పట్టుకునుడు నా పని. ఇప్పుడు కండ్లు సన్న తీగలను పట్టుకుంటలేవు. షెడ్డు ఇంకొకాయనకు అప్పజెప్పి ఇంట్ల కూసున్న.

కూసున్నోనికి మాటలెక్కువ అంటరు గదా. ఈ పనిలకు కొత్తగ వచ్చినోళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, అన్నా, నీ అనుభవం జర చెప్పు అంటరు. మీటరు ఎట్ల పట్టాలె, తీగ ఎట్ల అతకాలె అనేటియి షెడ్డుల నిలబడితే వాటంతట అవే వస్తయి. నేను ఆ సంగతులు రాస్తలేను. నేను ఎన్ని బండ్లు బాగుచేసిన్నో, ఎవరు శాలువా కప్పిండ్రో అది గూడ రాయను. శాలువా ఒక్కటే వచ్చింది, దాన్ని ఎలుక కొరికింది.

నా పనిల సగం ఏందో చెప్తే మీకు నవ్వొస్తది. ఎవరో ప్రేమతోని తడిపినదాన్ని నేను ఆరబెట్టుడు. అవును, ఇంజిన్‌కు నీళ్లు పోసినోళ్ల పుణ్యాన నా షెడ్డు నడిచింది. మన దిక్కు బండిని ఇంట్ల మనిషి లెక్కనే చూస్తరు. మనిషికి తానం పోసినట్టు దానికి గూడ పోస్తరు. మీద పోస్తే ఎవరికి నష్టం? బానెట్ ఎత్తి లోపల పోస్తరు, అదీ కథ.

ఉస్తాద్ బకెట్

నేను పని నేర్చుకున్నది గద్వాలల, ఖాదర్ ఉస్తాద్ కాడ. కోపం ముక్కు మీద ఉండె ఆయనకు. మురికి మీద పానా పెడితే ఊకునేటోడు కాదు. ఏ బండి వచ్చినా ముందుగల కిరసనాయిల్‌ల బ్రష్షు ముంచి ఇంజిన్ అంత రుద్దిచ్చేటోడు, ఆ తర్వాత బకెట్ల కొద్ది నీళ్లు కొట్టిచ్చేటోడు. కడిగినంక ఏ సందుల నుంచి నూనె కారుతుందో తెల్లగ కనబడేది. ఆ కాలానికి అది తప్పు కాదు, గట్టిగ చెప్తున్న. అప్పట్ల మా కాడికి వచ్చేటియి జీపులు, లారీలు, ట్రాక్టర్లు. అన్ని డీజిల్‌వే. డీజిల్ ఇంజిన్ల నిప్పురవ్వ పనే లేదు, గాలిని గట్టిగ ఒత్తితే ఆ వేడికి డీజిల్ అదే అంటుకుంటది. నీళ్లు పోసినా అది చెవి గూడ విదిలించదు. జూరాల కాలువ పొంటి పోయి చూస్తే ట్రాక్టర్లను ఎడ్లను దింపినట్టే నీళ్లలకు దింపి కడిగేటోళ్లు. జిల్లా జిల్లా అంత ఆ అలవాటు మీదనే పెరిగింది.

రెండువేల సంవత్సరం దాటినంక కొత్త రకం పెట్రోల్ కార్లు మన ఊర్లకు రాబట్టినయి. వాటిల్ల కంప్యూటర్ ఉంటది, దానికి కబుర్లు మోసే సెన్సార్లు ఉంటయి, నిప్పురవ్వ కొట్టే ప్లగ్గులు ఉంటయి. గద్వాలల ఒక డాక్టర్ సాబ్ గసొంటిది కొన్నడు. రాయచూరు పోయి వచ్చిన వేడి వేడి బండిని సర్వీసు కోసమని మా కాడ విడిచిండు. ఉస్తాద్ ఎప్పటి లెక్కనే బకెట్ తెమ్మన్నడు. పోసినం. బండి చాలు, అంటే స్టార్టు, కాలేదు. ఉస్తాద్ బ్యాటరీని తిట్టిండు. కొత్త బ్యాటరీ పెట్టిండు. కాలేదు. బ్యాటరీ అమ్మినోన్ని తిట్టిండు, వాని తాతను గూడ తిట్టిండు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉండె మా సంగతి. తెల్లారి బానెట్ ఎత్తి ఎండకు పెడితే, మధ్యాహ్నం వరకు కారు దానంతట అదే చాలు అయ్యింది. ఉస్తాద్ కొత్త బ్యాటరీ మహిమ అనుకున్నడు.

అట్లనే ఇంకొక కారు ఆగినంక ఆయనకు అర్థమైంది. నన్ను పిలిచి చెప్పిండు: "అరె నర్సింలూ, గివి నవాబుల పిల్లల అసొంటియి. తడిగుడ్డతోని తుడవాలె గని తానం పోయొద్దు. నాకు ఇవి తెల్వయి. నువ్వు నేర్చుకో." అప్పటిసంది ఆయన ట్రాక్టర్లు తప్ప ముట్టలేదు. నేను మస్తు మంది మేస్త్రీలను చూసిన. తెల్వదు అని నోటితోని చెప్పే ఉస్తాద్ దొరికితే ఆయన కాడి నుంచి కదలకుండ్రి. అన్ని తెలుసనేటోని షెడ్డుల బండ్లు పోయేటప్పుడు వచ్చినప్పటికన్న ఎక్కువ చెడిపోయి పోతయి.

నీళ్లు ఎక్కడ దాక్కుంటయి

పని నేర్చుకునేటోళ్లు దీన్ని జర మనసు పెట్టి చదవాలె. ఇంజిన్ మీద పోసిన నీళ్లు కింద పడిపోయినయి అనుకుంటం. పడయి. సగం లోపలనే దాక్కుంటయి.

ముందుగల వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పోయొద్దు. కాలిన పెంక మీద నీళ్లు చల్లితే ఏమైతదో మీ ఇంట్ల చూసిండ్రు గదా, ఇనుము గూడ అంతే, పగుళ్లిస్తది. ప్లగ్గులు ఇంజిన్ నెత్తి మీద లోతు గుంతలల్ల కూసుంటయి. ఆ గుంతల నీళ్లు నిలిస్తే నిప్పురవ్వ పక్కకు దుంకుతది, బండి మిస్సింగ్ కొడుతది. గాలి పీల్చే మూతి కాడ నీళ్లు పోతే ఇంజిన్ నీళ్లనే మింగుతది. నీళ్లను ఒత్తుడు ఎవరి తరం కాదు, లోపలి రాడ్లు వంగిపోతయి. బ్యాటరీని నింపే డైనమోలకు నీళ్లు పోతే ఆ రోజు ఏం కాదు, కొన్నాళ్లకు లోపల తుప్పు తిని మూలుగుతది. ఫ్యూజుల డబ్బా సంగతి చెప్పనే అక్కర్లేదు.

అన్నిటికన్న మోసం చేసేటియి కప్లర్లు. రెండు తీగల కట్టలను కలిపే ప్లాస్టిక్ జోడును మేం కప్లర్ అంటం. దానికి రబ్బరు ఉంటది, వాన జల్లును ఆపుతది. ఎదురుంగ నిలబడి పైపు పెట్టి జోరుగ కొడితే ఆపదు. లోపలికి పోయిన చుక్క బయటికి రాదు. ఇత్తడి పుల్లల మీద పచ్చటి చిలుము పడుతది. బండి ఒకరోజు నడుస్తది, ఒకరోజు నడవది. పరేషాన్ అంటే అది. ఆ రకం రోగం వస్తే పండుగ కాడ ఎవరు కడిగిండ్రు, ఎట్ల కడిగిండ్రు అని అడగాలె. ఎవరూ ఒప్పుకోరు, అది వేరే ముచ్చట.

మరి మురికిని ఏం చేయాలె అంటే, ఇంజిన్ చల్లగైనంక బ్యాటరీ మైనస్ తీగ తీసి, ముఖ్యమైన చోట్ల ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడిగుడ్డతోని, బ్రష్షుతోని ఓపికగ తుడవాలె. గాలి కొట్టి, బానెట్ ఎత్తి ఎండకు పెట్టాలె. గంతే. పాత కారు కొనవోయినప్పుడు ఇంజిన్ అద్దం లెక్క మెరిస్తే సంబరపడకుండ్రి. నూనె కారే జాగలు కనబడొద్దని కడిగి తెచ్చే పెద్దమనుషులు ఉంటరు.

నీళ్లంటే నాకు పగ అనుకునేరు, అట్ల కాదు. తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగిన ఏడు, బురద నిండిన బండ్లు వరుసబెట్టి వచ్చినయి. వాటికి నేనే నీళ్లు పోసిన, నిమ్మలంగ, సన్నగ. ఎండిన బురద నీళ్లకన్న పాపిష్టిది. ఆ బండ్లల్ల బతికినవి ఏవంటే, ఓనర్లు ఆత్రపడి తాళం తిప్పనివి. తడిసిన బండిని ముట్టకుండ ఉంటే సగం బతికినట్టే. నీళ్లు ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల అనేదే సంగతి.

అమావాస్య కారు

ఇగ నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వస్త. కరెంటు పని గురించి నాకు ఎక్కువ నేర్పింది ఈ ఒక్క కారే.

వనపర్తిల పల్లీల మిల్లు నడిపే శంకరయ్య సేటు ఉండె. మనిషి మంచోడే, గని అనుమానం జాస్తి. సంచి అడుగున చెయ్యి పెట్టి పల్లికాయ పగలగొట్టి చూడంది కొనేటోడు కాదు. మస్తు ఏండ్లు డీజిల్ జీపుల తిరిగినంక కొత్త పెట్రోల్ కారు తెచ్చుకున్నడు. జీపు నడిపిన చంద్రయ్యనే కారు గూడ నడిపేటోడు. చంద్రయ్యది పెబ్బేరు దిక్కు పల్లె. వానలు మొఖం చాటేస్తే చేను బీడు పెట్టి స్టీరింగ్ పట్టినోడు. అడిగితే చెప్తడు, అడగకపోతే దినమంత నోరు తెరవడు.

ఆ కారు అమావాస్య వచ్చిందంటే ఆగిపోయేది. మీరు నవ్వినా సరే, ఫస్టు నేను గూడ నవ్విన. సేటు వాళ్ల అమ్మ నాగమ్మవ్వ ప్రతి అమావాస్యకు శ్రీరంగాపూర్ రంగనాయక స్వామి గుడికి పోతది. ఆ రోజు కారు మంచిగనే బయలెల్లేది. పెబ్బేరు రాకముందే గుంజేది, దగ్గేది, రోడ్డు మీద నిలబడిపోయేది. ఎండల కొంతసేపు నిలబడ్డంక మల్ల ఏం కానట్టు చాలు అయ్యేది. తెల్లారి నా కాడికి పంపేటోళ్లు. నా కాడికి వచ్చేసరికి పెండ్లికొడుకు లెక్క తయారుగ ఉండేది. మొదటిసారి ప్లగ్గులు మార్చిన. రెండోసారి ప్లగ్గు తీగలు మార్చి, పెట్రోల్ పంపు విప్పి చూసిన. ఏం దొరకలె. నడిచే బండిల రోగం వెతుకుడంటే నిద్రపోయినోన్ని ఎందుకు ఏడుస్తున్నవని అడిగినట్టు ఉంటది.

వనపర్తిల దీనికి రెండు లెక్కలు చెప్పుకున్నరు. ఇంటికొచ్చే అయ్యగారు అమావాస్య దోషం అన్నడు, పూజ జర పెంచుమన్నడు. సేటుకు దోషం మీద నమ్మకం తక్కువ, మనుషుల మీద అనుమానం ఎక్కువ. ఆయన లెక్క వేరే ఉండె. చంద్రయ్య ట్యాంకుల పెట్రోల్ తీసి అమ్ముకుంటుండు, లెక్క సరిపోవాలని కిరసనాయిల్ కలుపుతుండు, అందుకే బండి దగ్గుతుంది అన్నడు. అమావాస్యకే ఎందుకు అంటే, ఆ రోజు మిల్లు బంద్ ఉంటది, బండి కాడ ఎవరూ ఉండరు, దొంగతనానికి వీలు అన్నడు. సేటు ట్యాంకు ఖాళీ చేపిచ్చి వాసన చూసిండు. కిరసనాయిల్ వాసన రాలేదు. ముందే తీసేసి ఉంటడు అన్నడు. అనుమానానికి మందు లేదు గదా.

ఆ మాట ఊర్ల పాకింది. డ్రైవరు కిరసనాయిల్ కలుపుతడు అంటే వనపర్తిల గానీ గద్వాలల గానీ వానికి ఎవరూ స్టీరింగ్ ఇయ్యరు. అది డ్రైవరుకు చావుతోని సమానం. మూడోసారి కారు ఆగినంక సేటు నా ముందటనే చెప్పిండు, ఇంకొక్క అమావాస్యకు కారు ఆగిందంటే చంద్రయ్యను తీసేస్త అని. చంద్రయ్య అక్కడనే నిలబడి ఉండె. తల ఎత్తలేదు, కాదు అని గూడ అనలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నోని లెక్క గూడ లేడు, ఊకె నిలబడ్డడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది, నోరు లేదా నీకు అని.

కప్లర్ల చీమలు

మూడోసారి కారు వచ్చినప్పుడు నేను మీటరు పక్కన పెట్టిన. ఒట్టి కండ్లతోని చూస్త అనుకొని బానెట్ ఎత్తి, స్టూలు వేసుకొని ఎదురుంగ కూసున్న. గిట్ల కూసునుడు గూడ పనే. చూసినోళ్లు బద్దకం అనుకుంటరు, అనుకోనియ్యుండ్రి.

కొంతసేపటికి ఒక చీమ కనబడ్డది. తర్వాత ఇంకొకటి. వరుస కట్టి ఇంజిన్ పక్క నుంచి కిందికి పోతున్నయి. కారుల చీమలకు ఏం పని? లైటు కొట్టి చూస్తే అవన్ని ఒక కప్లర్ లోపలికి పోతున్నయి. ఇంజిన్ తిరుగుతుందా లేదా అని కంప్యూటర్‌కు చెప్పే సెన్సార్ కప్లర్ అది. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ నిప్పురవ్వ బంద్ చేస్తది, బండి ఉన్నకాడనే ఆగుతది. కప్లర్ ఊడదీసిన. లోపల పసుపుపచ్చటి గార, దాని కింద పచ్చటి చిలుము, ముట్టుకుంటే వేలికి బంక బంక అంటుతుంది. నాలుకకు పెట్టుకొని చూసిన. తియ్యగ ఉంది. మీరు గట్ల చేయకుండ్రి, నేను చేసిన అంతే.

కొబ్బరి నీళ్లు. అందుల పసుపు.

నాకు ఒక్కసారి మొత్తం కండ్ల ముందట తిరిగింది. మన దిక్కు అమావాస్యకు బండికి నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టంది తాళం తిప్పరు. అది అందరు చేసేదే. వీళ్లు బానెట్ ఎత్తి ఇంజిన్ మీద పోస్తున్నరు. పొద్దున పోసిన నీళ్లు కప్లర్లకు దిగుతయి. బండి కొంతదూరం పోయేసరికి వేడికి, అదురుకు అవి లోపల పుల్లల దాకా జారుతయి, బండి ఆగుతది. ఎండల నిలబడితే ఆరుతది, నడుస్తది. ఆగింది గాబట్టి అయ్యగారు పూజ పెంచమంటడు. పూజ పెంచిండ్రు గాబట్టి నీళ్లు పెరిగినయి. నీళ్లు పెరిగినయి గాబట్టి ఇంకా జల్ది ఆగుతుంది. నెల నెలకు రోగానికే మందు పోసి పెంచుతున్నరు.

నేను స్టూలు మీదనే కడుపు పట్టుకొని నవ్విన. నవ్వు అయిపోయినంక చంద్రయ్య యాదికొచ్చిండు. బండి తెచ్చి ఇచ్చి, ఎదురుంగ ఢాబా కాడ కూసొని ఉండె.

ఢాబా కాడ

పోయి పక్కన కూసొని, ఇంజిన్ మీద నీళ్లు ఎవరు పోస్తరు అని అడిగిన. చాయ్ గ్లాసు దిక్కు చూసుకుంట కూసున్నడు. తెలిసిపోయింది నీకు, అన్నడు. అంటే ఈయనకు ముందే ఎరుక. కప్లర్, సెన్సార్ అనేటివి తెల్వకపోవచ్చు గని, నీళ్లు పోసిన రోజే బండి ఆగుతుందని నడిపేటోనికి తెల్వకుంట ఎట్లుంటది?

అప్పుడు అడగకుండనే చెప్పిండు. జీపు కాలంల ఒకసారి బీచుపల్లి దిక్కు ఎదురొచ్చిన లారీని తప్పించవోయి జీపు బోల్తా కొట్టింది. జీపుల నాగమ్మవ్వ ఉండె. చంద్రయ్య స్టీరింగ్‌ను ఎట్ల తిప్పిండో ఏమో, దెబ్బంత తన దిక్కుకే వచ్చింది. కాలు విరిగి దవాఖానల పడ్డడు. అవ్వకు గోరంత గీత గూడ పడలె. అప్పటిసంది అమావాస్యకు అవ్వ సొంతంగ బండికి పూజ చేస్తది. ఇంజిన్‌కు పసుపు నీళ్లు పోసి, కొబ్బరి నీళ్లు పోసి దండం పెట్టుకుంటది. జీపు డీజిల్‌ది గాబట్టి దానికి ఏం కాలేదు. కారు వచ్చినా అవ్వ చెయ్యి మారలేదు.

"ఆ నీళ్లు సేటు కోసం పోస్తలేదన్నా. నా కోసం పోస్తది. మా చెంద్రి సల్లగుండాలె అని మొక్కుకుంటది, నేను పక్కనే ఉండి వింట. నీ నీళ్లే బండిని చెడగొట్టినయి అవ్వా అని నేనెట్ల అంట? దొంగ అంటే పడత. అది మాత్రం నాతోని కాదు."

గంతమాట ఆయన నోట్ల నుంచి ఒక్కసారే రావడం నేనెన్నడూ చూడలె.  అంతకుముందు కోపపడ్డదానికి సిగ్గుపడ్డ.

చంద్రయ్య ఒక దారి గూడ చెప్పిండు. ఎవరికీ ఏం చెప్పకుండ, నీళ్లు పోసినా లోపలికి పోకుండ ఏదన్న చేయమన్నడు. అది నాకు ఎడమచేతి పని. కప్లర్ కడిగి ఆరబెట్టి, గ్రీజు నింపి, పాత సైకిల్ ట్యూబు తొడిగితే ఆరునెలలు చుక్క పోదు. చేయాలనే లేచిన. పానా చేతుల పట్టుకున్నంక ఆలోచన వచ్చింది.

అట్ల చేస్తే ఏమైతది? వచ్చే అమావాస్యకు కారు ఆగదు. సేటు ఏమంటడు? నేను బెదిరిచ్చినంక దొంగ దారికొచ్చిండు, కిరసనాయిల్ కలుపుడు బంద్ చేసిండు అంటడు. ఊరంత అదే అంటది. బండి బాగైతది గని చంద్రయ్య బతికినన్నాళ్లు దొంగనే. పని నేర్చుకునేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలె. బండి నడిస్తే మన పని అయిపోయిందనుకుంటం. ఎందుకు ఆగిందో నోరిప్పి చెప్పకపోతే సగం పనే చేసినట్టు. చెప్పని రిపేరు ఎవరి మెడకో ఒకరి మెడకు చుట్టుకుంటది.

ట్యూబు తొడగలె. కప్లర్ మాత్రం శుభ్రం చేసి, ఎప్పటి లెక్క పెట్టి పంపిన. వచ్చే అమావాస్యకు నేనే ఇంటికి వస్త, నేను చెప్పంది బండిని గేటు దాటనియ్యకుండ్రి అని సేటుకు కబురు పెట్టిన. చంద్రయ్యకు ఆ మాట తెలిసి, ఫోన్ చేసి, వద్దన్నా అన్నడు. నేను వినలె.

ఇంటి ముందట

పోయేసరికి పూజకు తయారుగ ఉండ్రి. సేటు అరుగు మీద కూసొని ఉన్నడు. నేను పొద్దుగాలనే ఫోన్ చేసి సేటును పెట్రోల్ బంకుకు ఆయనే పోయి, ఆయనే దగ్గరుండి పోయించుకొని రమ్మన్న. తెచ్చిండు. చంద్రయ్యను బండి దరిదాపులకు రావొద్దన్న. గేటు కాడ నిలబడ్డడు, నా దిక్కు చూస్తలేడు.

అవ్వ వచ్చింది. చిన్నగ, సన్నగ, తెల్లచీర కట్టుకొని, చేతుల రాగి చెంబు. వచ్చినవా బిడ్డా అని నన్ను పలకరిచ్చింది. బానెట్ ఎత్తిచ్చి, ఇంజిన్‌కు బొట్టు పెట్టి, పసుపు నీళ్లు పోసింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పోసింది. కండ్లు మూసుకొని మొక్కుకుంటుంటే ఆమె పెదవులు కదిలినయి. చెంద్రి అనే మాట నాకు గూడ వినబడ్డది.  ఆపుదమా అనిపించింది. ఆపితే చూపియ్యడానికి ఏం ఉండదు.

సేటును స్టీరింగ్ కాడ కూసోమని, బండిని కదిలియ్యకుండ ఇంజిన్ చాలు చేసి పెట్టుమన్న. మంచిగనే నడిచింది. జర వేడెక్కినంక ఎక్సలేటర్ తొక్కుమన్న. అదురు పెరిగింది. కొంతసేపటికి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగింది. సేటు తాళం తిప్పి తిప్పి చూసిండు. తర్వాత గేటు దిక్కు చూసిండు. చంద్రయ్య నిలబడ్డ కాడనే ఉండె.

 కప్లర్ ఊడదీసి సేటు అరచేతిల వంచిన. పసుపు నీళ్లు చుక్క చుక్క పడ్డయి. సేటు చెయ్యి ముక్కు కాడ పెట్టుకున్నడు. పల్లీల వాసనను బట్టి సరుకు చెప్పే మనిషికి కొబ్బరి వాసన తెల్వదా? ఆయన మొఖం మాడిపోయింది. అప్పుడు చెప్పిన, జీపుకు ఏం కాదు, ఈ కారుకు నీళ్లు తగలొద్దు, పాపం ఎవరిదీ కాదు, ఎవరికీ తెల్వని సంగతి ఇది అని. అవ్వ దిక్కు చూడకుండ చెప్పిన.

అవ్వనే దగ్గరికొచ్చి నా చేతుల నుంచి కప్లర్ గుంజుకొని చూసింది. ఏడుస్తదేమో అనుకున్న. ఆమె ఏడ్వలె. అంటే నా నీళ్లతోనే ఆగిందా ఇన్నాళ్లు, అని అడిగింది. అవునన్న. చెంద్రికి ఎరుకనా, అని అడిగింది. నేను నోరు తెరవకముందే గేటు దిక్కు చూసి ఆమెకు జవాబు దొరికింది.

"ఓ చెంద్రీ. నేను బాధపడతనని నువ్వు దొంగవయితవా? గిదేనారా నేను నీ కోసం మొక్కింది?"

 చంద్రయ్య దూరం నుంచే చేతులు జోడించిండు.  అవ్వ కొడుకు దిక్కు తిరిగింది. సేటు కారు దిగి, పసుపు చెయ్యి ధోతికి తుడుసుకుంట, తెల్వక అన్ననమ్మా, ఇగ అయిపోయింది గదా, అంటుండు. అవ్వ గొంతు పెంచలె. నీళ్లు పోసింది నేను, దొంగ అన్నది నువ్వు, అన్నది. నా తప్పు నేను దిద్దుకుంట, ఇగ నుంచి బొట్టు పెట్టి ఊకుంట, మరి నీది, అని అడిగింది.

సేటు నా దిక్కు చూసిండు. నేను బానెట్ల తల పెట్టి తీగలు సవరిచ్చినట్టు చేసిన.

అవ్వ కుండల నుంచి రాగి చెంబుతోని కొత్త నీళ్లు ముంచి తెచ్చింది. తెచ్చి కొడుకు చేతుల పెట్టింది. మన దిక్కు ఇంటికి చుట్టం వస్తే ముందుగల కాళ్లకు నీళ్లిస్తరు. ఆ ఇంట్ల చంద్రయ్య ఎన్ని ఏండ్లు వచ్చిండో పోయిండో, గేటు కాడ చెప్పులు ఇడిచే అవసరం గూడ ఆయనకు ఎన్నడూ పడలె, లోపలికి పిలిచినోళ్లు లేరు గాబట్టి.

"పో. కాళ్లకు నీళ్లియ్యి వానికి. ఇచ్చి లోపలికి తోలుకరా."

మిల్లు బంద్ ఉన్నా, సంగతి తెలిసి వచ్చిన హమాలీలు వాకిట్ల నిలబడి చూస్తుండ్రి. సేటు ఆ చెంబు పట్టుకొని అంత పొడుగు వాకిలి నడిచి గేటు దాకా పోయిండు. ఇదిగో చంద్రయ్యా, అన్నడు.  చంద్రయ్య చెంబు దిక్కు చూసిండు, సేటు దిక్కు చూసిండు, వెనుక నిలబడ్డ అవ్వ దిక్కు చూసిండు.  సేటు చెయ్యి చాపి అట్లనే నిలబడ్డడు.

అప్పుడు చంద్రయ్య వంగి చెప్పులు ఇడిచిండు.